ఆఖరి వరుసలో ఖతం

పరీక్ష గదిలో కాపలా కాయడమంత సుఖమైన కొలువు ఇంకోటి లేదని జ్ఞానప్రసూన అనుకునేది. కూర్చోవాలి, లేవాలి, నాలుగడుగులు వెయ్యాలి, గోడ గడియారం చూసుకోవాలి, అంతే కదా! జూన్ నెల ఆఖరి ఆదివారం మధ్యాహ్నం రెండింటిదాకా ఆమెకు ఆ నమ్మకం ఉంది. నాలుగయ్యేసరికి మాత్రం, ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నందుకు తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

అసలు ఆమె కాపలా కాయడానికి వచ్చిందే కాదు. బస్తర్ ప్రాంతపు తోంగ్‌పాల్‌లో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆమె కంప్యూటర్ టీచరు. పర్మినెంటు కాదు, సంవిదా. అంటే ఏటా జులైలో ఒక సంతకం పడితే ఇంకో ఏడాది ఉద్యోగం, పడకపోతే పెట్టే సర్దుకోవడం. వాళ్ల నాన్న ఎప్పుడో పలాస నుంచి వచ్చి బచేలి గనిలో పనిచేశాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ కంపెనీ క్వార్టర్లలోనే. ఆ ఆదివారం తన శిష్యురాలు మడకం హిడ్మేను వెంటబెట్టుకుని, పొద్దున్నే బస్సెక్కి జగదల్‌పూర్ వచ్చింది. పిల్లను గేటు దగ్గర దింపేసి, బయట ఎక్కడైనా ఫ్యాను కింద కూర్చుని, నాలుగింటికి మళ్లీ తీసుకుపోదామని ఆమె ఆలోచన.

హిడ్మే గురించి చెప్పాలి. కోంటా దాటి లోపలికి పోతే వచ్చే ఒక దోర్లా గిరిజనుల ఊరు ఆ పిల్లది. ఈ ఏడే పన్నెండో తరగతి పాసయింది. మనిషి పీచులా ఉంటుంది గానీ కీబోర్డు ముందు కూర్చుంటే రాక్షసి. ఈ పరీక్ష నెగ్గితే రాయ్‌పూర్‌లో రెండేళ్ల ప్రోగ్రామింగ్ శిక్షణ, ఉండటానికి హాస్టలు, అయ్యాక ఉద్యోగం. బస్తర్ మొత్తానికి పన్నెండు సీట్లు. ఆ పన్నెండులో ఒకటి హిడ్మేది కావాలి. ఈ ఏడు పన్నెండు పాసయినవాళ్లకే ఆ పరీక్ష. ఈసారి తప్పితే ఇంకోసారి రాసే వీల్లేదు. తప్పితే ఆ పిల్ల ఊరికి తిరిగిపోవాల్సిందే. ఆ ఊళ్లో ఫోను సిగ్నలు కోసమే గుట్టెక్కాలి, ఇంక కంప్యూటర్ మాట దేవుడెరుగు!

ఇంత బరువు మోసుకుని గేటు దగ్గరికి వస్తే, అక్కడ సెంటర్ ఇన్‌ఛార్జి దుర్గేశ్ తల పట్టుకుని కూర్చున్నాడు. కాపలాకు రావలసిన ఆయన కేశ్‌కాల్ ఘాట్‌లో లారీల జామ్‌లో ఇరుక్కుపోయాడట. అంతలో దుర్గేశ్ కళ్లు జ్ఞానప్రసూన మెడలోని స్కూలు కార్డు మీద పడ్డాయి. ఇంకేముంది!

"మేడం, మీరు టీచరా? కంప్యూటర్ టీచరా? దేవుడు పంపినట్టు వచ్చారు! రెండు గంటలు కూర్చోండి చాలు," అని హిందీలో బతిమాలాడు.

ఆమె ముందు జాగ్రత్తగానే అడిగింది, తన పిల్ల ఏ గదిలో ఉందని. రెండో గది అన్నాడు. ఆమెకేమో ఒకటో గది. అయితే సరే అనుకుని అతను ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది. 'ఈ గదిలో నా బంధువులు, నా విద్యార్థులు ఎవరూ లేరు. అభ్యర్థులతో సమయం గురించి తప్ప ఇంకేదీ మాట్లాడను. తప్పితే నా మీద చర్య తీసుకోవచ్చు' అని ఉంది అందులో. అప్పటికి అది నిజమే.

రెండుంపావుకు రెండో గదిలో బ్యాటరీల పెట్టె ఢామ్మంది. కంప్యూటర్లు ఆరిపోయాయి. అక్కడున్న ఆరుగురినీ ఒకటో గదిలో ఖాళీ సీట్లకు తోలుకొచ్చారు. ఆ ఆరుగురిలో మూడోది హిడ్మే! మేడంను చూడగానే పిల్ల కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి, వెంటనే దించుకుంది. దుర్గేశ్ హడావుడిగా పేర్లు పిలిచి, టైం పెంచకుండానే వాళ్ల పరీక్ష మళ్లీ మొదలుపెట్టించి, తలుపు బయట గొళ్లెం వేసుకుని పోయాడు. ఆ నిమిషంలోనే నోరు తెరిచి 'ఈ అమ్మాయి నా విద్యార్థిని' అనాల్సింది జ్ఞానప్రసూన. అనలేదు. అంటే మళ్లీ గొడవ, ఆలస్యం, పిల్ల కంగారు. దానికి తోడు నిజం చెప్పొద్దూ, హిడ్మే పరీక్ష రాస్తుంటే కళ్లారా చూడొచ్చని లోపల్లోపల సంబరపడింది కూడా. ఆ సంబరమే ఆమె కొంప ముంచింది.

గది చూద్దామా అంటే, ఇరవై రెండు కంప్యూటర్లు, ఒక్క తలుపు. ఏసీ కోసమని కిటికీలకు చెక్కలు కొట్టారు, ఆ ఏసీ ఏనాడో చచ్చింది. రెండు ఫ్యాన్లు వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతున్నాయి. బయట వాన పడుతోందో లేదో కూడా తెలీదు. మూలన ఒక కెమెరా, దాని కింద మైకు. దుర్గేశ్ పక్క గదిలో కూర్చుని అన్నీ చూస్తాడు, వింటాడు. ఫోన్లు ముందే లాగేసుకున్నారు. పరీక్ష అయ్యేదాకా రాసేవాళ్లూ పోలేరు, కాసేవాళ్లూ పోలేరు.

మొత్తం మూడు ప్రశ్నలు. మొదటి రెంటినీ హిడ్మే అరగంటలో ఊది అవతల పారేసింది. జ్ఞానప్రసూన వరుసల మధ్య నడుస్తున్నట్టు నటిస్తూ, ఆ సీటు దగ్గర మాత్రం అడుగు నెమ్మదిగా వేసి చూసింది. రెంటికీ పచ్చ గుర్తులే. ఛాతీ రెండంగుళాలు పొంగింది ఆమెకు. మూడో ప్రశ్నకే సగం మార్కులు. హిడ్మే భుజం మీదుగా అదీ చదివింది. ఊరి పేరు, ఆ ఊళ్లో పడిన వాన, ఒక్కో వరుసలో ఒక్కో ఊరిది. అన్నింటికంటే ఎక్కువ వాన ఏ ఊళ్లో పడిందో చెప్పాలి. ఇదెంత! హిడ్మేకు ఎడమ చేతి పని. కింద ఒక ముక్క ఉంది, 'మొత్తం ఎన్ని వరుసలు వస్తాయో ముందుగా చెప్పబడదు' అని.

ఆ ముక్క చదవగానే జ్ఞానప్రసూన అడుగు అక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే, ఎన్నో తెలియని వరుసలను ప్రోగ్రాం ఎలా చదవాలో ఆ పిల్లకు నేర్పింది తనే. తప్పు నేర్పింది తనే.

అదెట్లా జరిగిందంటే, తోంగ్‌పాల్ బడిలో పదకొండు కంప్యూటర్లు. ప్రోగ్రాం వరుస తర్వాత వరుస అడుగుతూ ఉంటుంది, పిల్లలు టైపు చేసి ఇస్తూ ఉంటారు. ఇంక నా దగ్గర వరుసలు లేవు అని దానికి చెప్పాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి. ఆ పదకొండు కీబోర్డుల్లో ఏడింటికి ఆ మీటలు పనిచెయ్యవు, ఎలుకల పుణ్యమా అని. ప్రోగ్రాం ఆగదు, పిల్లలు లబోదిబోమంటారు, స్విచ్చి కట్టేస్తే అంతా పోతుంది. అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. ఆఖరి వరుసలో 'ఖతం' అని కొట్టండర్రా, ఆ మాట కనబడగానే ఆగిపొమ్మని ప్రోగ్రాంలో రాయండి అంది. హాస్టల్లో పప్పు గిన్నె ఖాళీ అవగానే వంటావిడ గరిటెతో గిన్నె మోగించి "ఖతం!" అని అరుస్తుంది. గోండీ పిల్లలకూ, హల్బీ పిల్లలకూ, ధుర్వా పిల్లలకూ అందరికీ తెలిసిన మాట. పిల్లలకు భలే నచ్చింది. పాఠం అయితే ఖతం, సినిమా అయితే ఖతం, ప్రోగ్రాంలోనూ ఖతం. ఆరేళ్లు ఇదే నడిచింది.

ఇది మన బడిలో మనం చేసుకున్న ఏర్పాటే తప్ప లోకమంతా ఇట్లా ఉండదని ఎప్పుడో ఒకరోజు చెప్దామనుకుంది. పై తరగతిలో చెప్దాంలే అనుకుంది. కొత్త కీబోర్డులు వచ్చాక చెప్దాంలే అనుకుంది. కొత్త కీబోర్డులు రాలేదు, ఆమె చెప్పలేదు. బద్ధకం అనండి, మరుపు అనండి, ఏమన్నా పడాల్సిందే!

పరీక్ష పెట్టేవాళ్లకు ఖతం సంగతి ఏం తెలుసు? వాళ్ల వరుసలు అయిపోతే అయిపోతాయి. ఏ మాటా చెప్పవు. హిడ్మే ప్రోగ్రాం మాత్రం ఇంకా ఖతం కోసం చెయ్యి చాచుకునే ఉంటుంది. చదవబోతే వరుస ఉండదు. దాంతో తప్పని చెప్పి ఎర్రక్షరాలతో చచ్చిపోతుంది. అట్లాంటి తప్పును పట్టుకునే ట్రై అనే ఆదేశం పిల్లకు వచ్చు, సున్నాతో భాగించే లెక్కలో వాడింది, ఇక్కడ వాడాలని మాత్రం తెలీదు.

సరిగ్గా అదే జరిగింది. హిడ్మే ప్రోగ్రాం రాసేసి, కింద ఉన్న డబ్బాలో తన సొంత వరుసలు నాలుగు కొట్టి, ఆఖర్న అలవాటు ప్రకారం khatam అని కొట్టి నడిపి చూసింది. ఠక్కున సరైన జవాబు వచ్చింది. పిల్ల ముఖంలో నవ్వు. సమర్పించే బటన్ నొక్కింది. కంప్యూటర్ తన సొంత వరుసలతో పెట్టిన ఐదు పరీక్షలకు ఐదు ఎర్ర గుర్తులు!

హిడ్మే నమ్మలేదు. మళ్లీ తన వరుసలతో నడిపింది, జవాబు సరిగ్గా వచ్చింది. మళ్లీ సమర్పించింది, ఐదు ఎర్ర గుర్తులు. తను చేస్తే పనిచేస్తుంది, వాళ్లు చేస్తే పనిచెయ్యదు. దీన్ని మించిన నరకం ప్రోగ్రాం రాసేవాళ్లకు ఇంకోటి లేదు, పడినవాళ్లకే తెలుసు.

గడియారం మూడుంపావు.

హిడ్మే తెలివైనది గనక కాసేపట్లోనే సగం పట్టేసింది. వీళ్ల ఆఖరి వరుసలో ఖతం కాదు, ఇంకేదో మాట ఉందని అనుకుంది. ఆ మాటేదో కనుక్కోవడానికి కూర్చుంది. end అని మార్చి చూసింది. ఐదు ఎర్రవి. stop అని పెట్టింది. ఐదు ఎర్రవి. over, finish, సున్నా, ఖాళీ వరుస... ఒక్కో మాటా పెట్టడం, బటన్ నొక్కడం, ఎర్రవి చూడటం. అసలు లేని మాట కోసం ఆ పిల్ల పడుతున్న అవస్థ వెనకనుంచి చూస్తూ జ్ఞానప్రసూన కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. ఆ మాట లేదే తల్లీ, ఏ మాటా లేదే! అని నోటిదాకా వస్తోంది, మింగుతోంది. చెమట వీపు మీద కారుతోంది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ కెమెరా వైపు చూసింది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

వెళ్లి కుర్చీలో కూర్చుంది. కూర్చోలేక లేచింది. తలుపు దగ్గరికి పోయింది, గొళ్లెం బయట ఉంది. తలుపు కొట్టి దుర్గేశ్‌ను పిలిచి, ఈ పిల్ల నాది, నన్ను బయటికి పంపండి అంటే? పంపుతాడు, పిల్లను కూడా పంపుతాడు. ఇప్పటిదాకా ఎందుకు దాచావంటే ఏం చెప్తుంది? మళ్లీ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. అక్కడినుంచి కూడా హిడ్మే వేళ్లు కీబోర్డు మీద ఎంత అలిసిపోయాయో కనబడుతూనే ఉంది.

మూడూ ముప్పై ఎనిమిదికి హిడ్మే చెయ్యెత్తింది.

జ్ఞానప్రసూన దగ్గరికి వెళ్లింది. పిల్ల తలెత్తకుండా, ఎవరో ముక్కూమొహం తెలియని మేడంతో మాట్లాడినట్టు హిందీలో అడిగింది. "మేడం, ఇన్‌పుట్ అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది? ప్రశ్నలో రాయలేదు."

"నేను ప్రశ్నల గురించి ఏమీ చెప్పకూడదు. టైం మాత్రమే చెప్తాను. ఇరవై రెండు నిమిషాలు ఉంది," అంది జ్ఞానప్రసూన, అదే పరాయి హిందీలో.

"ఠీక్ హై మేడం," అంది హిడ్మే. మళ్లీ తెర వైపు తిరిగింది. close అని కొట్టింది.

ఆ 'ఠీక్ హై' వినేసరికి జ్ఞానప్రసూనకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో కాదు, తన మీదే. తప్పు నేర్పింది నేను, శిక్ష దానికా? నేను చెప్పకపోతే న్యాయమట, చెప్తే నేరమట! ఇదెక్కడి న్యాయం? అట్లా ఒక్కో నిమిషం లెక్కపెడుతుంటే, ఆమె బుర్రలోకి ఒక ఆలోచన దూరింది. తెలుగులో చెప్తే?

తోంగ్‌పాల్‌లో ఆరేళ్లుగా తెలుగు ఆమెకూ హిడ్మేకూ మధ్య ఒక రహస్యం లాంటిది. వాళ్లింట్లో మాట్లాడే దోర్లీ తెలుగుకు దగ్గరే గనక హిడ్మే తెలుగు గలగలా మాట్లాడుతుంది. మిగతా పిల్లలకు, టీచర్లకు ఒక్క ముక్క తెలీదు. ప్రిన్సిపాలు ఎదురుగానే ప్రిన్సిపాలు మీద చాడీలు చెప్పుకున్న రోజులున్నాయి ఇద్దరూ. ఆరేళ్ల అలవాటు అది. తెలుగంటే తలుపేసుకుని మాట్లాడుకోవడమే అన్నట్టు ఉండేది ఆమెకు. దుర్గేశ్‌కు తెలుగు రాదు. మైకులో వినబడినా ఏదో టైం చెప్పిందనుకుంటాడు.

పన్నెండు నిమిషాలు ఉందనగా ఆమె హిడ్మే సీటు పక్కకు వచ్చి నిలబడింది. ఒప్పందం, సంతకం, జులై అన్నీ మర్చిపోయింది. గడియారం వైపు చూస్తూ, టైం చెప్తున్న గొంతుతోనే అనేసింది.

"ఆఖర్న ఏ మాటా రాదు. వరుసలు అయిపోతే తప్పు వస్తుంది. ఆ తప్పును ట్రై పెట్టి పట్టుకో, అక్కడ ఆగిపో. సున్నాతో భాగించినప్పుడు పెట్టామే, అదే."

అని ఊపిరి పీల్చుకుందో లేదో, టకటకటక మని కీబోర్డులు మోగాయి.

హిడ్మేది కాదు! ఎడమవైపు కిటికీ దగ్గరిది ఒకటి. మధ్య వరుసలో రెండు. వెనకాల గోడ పక్కన ఇంకొకటి. అప్పటిదాకా నీలుక్కుపోయి కూర్చున్న నలుగురైదుగురు ఒక్కసారి నిటారుగా లేచి కూర్చుని వాయించేస్తున్నారు. ముందు వరుసలో భోపాల్‌పట్నం కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి కిరణ్‌కుమార్ అని ఒకడున్నాడు, వాడైతే వెనక్కి తిరిగి, పళ్లికిలించి, "థాంక్యూ మేడం," అన్నాడు. చక్కటి తెలుగు యాసలో!

జ్ఞానప్రసూన పైప్రాణాలు పైనే పోయాయి. ఓసి నా తెలివి తెల్లారా! ఇది తోంగ్‌పాల్ కాదు, జగదల్‌పూర్. కోంటా నుంచి, భోపాల్‌పట్నం నుంచి, ఉసూర్ నుంచి, తన బచేలి నుంచే పిల్లలు వచ్చి కూర్చున్న గది ఇది. ఇరవై ఇద్దరిలో తెలుగు వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారో ఆమె ఆలోచించనే లేదు.

గొళ్లెం చప్పుడైంది. దుర్గేశ్ లోపలికి వచ్చాడు.

"మేడం, ఏం చెప్పారు మీరు ఇప్పుడు?"

"టైం చెప్పాను సర్."

"టైం అంత పొడుగ్గా ఉంటుందా? అదీ మన భాషలో కాదు!"

"అలవాటులో మా తెలుగు వచ్చేసింది. ఎంత టైం ఉంది, కంగారు పడొద్దు అని చెప్పాను." అబద్ధం ఆడటం ఇంత తేలికని ఆమెకే తెలీదు.

దుర్గేశ్ ఆమెను, ఆమె నిలబడిన చోటును, అక్కడ కూర్చున్న పిల్లను ఎగాదిగా చూశాడు. చేతిలో ఉన్న జాబితాలో హిడ్మే పేరు చూశాడు, ఊరు చూశాడు. స్కూలు పేరు ఆ జాబితాలో లేదు, అదొక్కటే అదృష్టం.

"ఈ మేడం నీకు తెలుసా?"

"నహీ సర్," అంది హిడ్మే.

"ఆమె ఏం చెప్పింది?"

"టైం చెప్పింది సర్. నాకు సగమే అర్థమైంది."

"సరే. రాసుకో." అని దుర్గేశ్ చేతులు కట్టుకుని సరిగ్గా హిడ్మే కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. కదల్లేదు. ఆ తెర మీద ఇప్పుడు కొత్తగా ఏమన్నా కనబడితే పట్టుకుందామని అతని చూపు. మిగతా ఇరవై ఒక్క తెరల వైపు తల కూడా తిప్పలేదు మహానుభావుడు.

ఇంకా తొమ్మిది నిమిషాలు. జ్ఞానప్రసూన గోడకు అంటుకుపోయి చూస్తోంది. కొట్టవే, నాలుగు వరుసలే కదా, నిమిషం చాలు నీకు! హిడ్మే వేళ్లు కీబోర్డు మీదికి వచ్చాయి. పాత మాట చెరిపింది. samapt అని కొట్టింది. బటన్ నొక్కింది. ఐదు ఎర్రవి. చెరిపింది. bas అని కొట్టింది. ఐదు ఎర్రవి. చెరిపింది. KHATAM అని ఈసారి పెద్ద అక్షరాల్లో కొట్టింది.

అయ్యో పిచ్చిదానా, వినలేదా? కంగారులో బుర్రకెక్కలేదా? పక్కనే నిలబడి చెప్పానే! అవతల కిరణ్‌కుమార్ గాడు ఐదు పచ్చ గుర్తులు చూసుకుని చేతులు రుద్దుకుంటున్నాడు. ఎవరి కోసం ఇంత పాపం మూటగట్టుకుందో ఆ పిల్ల మాత్రం పెద్ద అక్షరాలు మళ్లీ చిన్నవి చేస్తోంది. అరవబుద్ధేసింది ఆమెకు. అరిస్తే ఏమవుతుందో అంతా కళ్ల ముందే నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

నాలుగు కొట్టింది. తెరలన్నీ ఒక్కసారి తెల్లబడ్డాయి. సమయం ముగిసింది.

దుర్గేశ్ ఊపిరి వదిలాడు. "క్షమించండి మేడం. మీరు ఆ అమ్మాయికి ఏదో చెప్పారేమోనని అనుమానపడ్డాను. పాపం దానికేమీ రాలేదు. రిపోర్టులో ఏమీ రాయను," అని నవ్వి, మళ్లీ ఒక కాగితం ముందు పెట్టాడు, పరీక్ష సవ్యంగా జరిగిందని. ఆమె సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టిన చెయ్యి తనదేనా అనిపించింది.

బయట వాన కురిసి వెలిసింది. గేటు దగ్గర ఒకళ్లనొకళ్లు తెలియనట్టే దాటి, సందు మలుపు తిరిగాక కలుసుకున్నారు ఇద్దరూ. తోంగ్‌పాల్ బస్సులో వెనక సీటు దొరికింది. బస్సు కదిలాక జ్ఞానప్రసూన ఆపుకోలేకపోయింది.

"నేను చెప్పింది వినపడలేదా హిడ్మే?"

"వినపడ్డది మేడం."

"అర్థం కాలేదా?"

"అయింది. ట్రై పెట్టాలె. సున్నాతోని భాగించినప్పుడు పెట్టినం కదా, గదే."

జ్ఞానప్రసూన నోరు తెరుచుకుని చూసింది. "అర్థమైందా? మరి కొట్టలేదేంటే? చేతులు పడిపోయాయా?"

"ఎట్ల కొడతా? ఆయన ఎనకాలనే నిలబడ్డడు. మీరు చెప్పంగనే నేను కొడితే ఆయనకు తెల్వదా? మిమ్మల్ని పట్టుకునేటోడు."

"పట్టుకోనీ! నా తప్పుకు నన్ను పట్టుకుంటే నీకేంటి? నీ సీటు పోయింది కదే! పన్నెండేళ్ల చదువు పోయింది కదే!" ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది. "నేనే ఇప్పుడు దిగి వెనక్కిపోతా. ఆయనకు ఉన్నదంతా చెప్తా. ఈ పిల్లకు తప్పు నేర్పింది నేను, మళ్లీ పరీక్ష పెట్టండి అని కాళ్లు పట్టుకుంటా."

లేవబోయింది కూడా. హిడ్మే ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆ పీచులాంటి పిల్లకు అంత బలం ఎక్కడిదో!

"ఏంది మేడం మీరు? కూసోండి. చెప్తే నాకు మళ్ల పరీక్ష పెడ్తరా? అబద్ధం చెప్పిందని నా పేరు కొట్టేస్తరు, మిమ్మల్ని తీసేస్తరు. ఒకటి పోయింది సాలు."

"నా ఉద్యోగం ఏమైపోతే నీకెందుకే?"

హిడ్మే కిటికీ వైపు తిరిగింది. "మీరు రాకముందు ఆ కంప్యూటర్ గదికి తాళమే ఉండె. నేను ఆరులో ఉన్నప్పుడు కిటికీ సందుల నుంచి సూసి పోయేటోళ్లం, లోపల ఏముందో అని. యాడాదంతా తియ్యలే." మేడం వైపు తిరిగింది. "మా చెల్లి ఉంగి మొన్ననే ఆరులో చేరింది. మీరు పోతే దానికి ఎవళ్లు చెప్తరు?"

పద్దెనిమిదేళ్ల పిల్ల, ఆ మనిషి వెనకాల నిలబడి ఉండగా, తొమ్మిది నిమిషాల్లో ఇదంతా ఆలోచించుకుంది. ఆలోచించుకుని, తెలిసిన జవాబును దాచిపెట్టి, కావాలని తప్పు మాటలు ఒక్కొక్కటే కొడుతూ కూర్చుంది. తనేమో అక్కడ నిలబడి పిచ్చిదానా అని తిట్టుకుంది. జ్ఞానప్రసూన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హిడ్మే ఏడవలేదు. ఏడుస్తున్న మేడంను ఓదార్చడం చేతకాక, సంచీలోంచి నోటు పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు సరిగ్గ రాదేమో మేడం, నోటిమాటనే విన్న గదా. మొత్తం రాసి సూపియ్యండి. రేపు సోమవారం కదా, రేపటి సంది పిల్లలందరికి ఇట్లనే చెప్పండి. ఉంగికైతే మొదటి రోజు నుంచే చెప్పండి."

పెన్ను క్యాపు తీసి చేతికిచ్చింది. బస్సు కుదుపుతోంది. జ్ఞానప్రసూన పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, మొదటి వరుస రాయడానికి దర్భా ఊరు దాటేదాకా తంటాలు పడింది. అక్షరాలు కనబడలేదు.